నీడ లేని మొగ్గ

(పదకొండో భాగం)

పోయిన వారం మనం గాస్పార్ రోట్లిన్‌ను వంటింట్లో, చేతిలో కాఫీ పళ్ళెంతో నిలబెట్టి వచ్చాం. కాఫీ చల్లారిపోయింది. ఆయన మాత్రం అక్కడే ఉన్నాడు.

అది ఇరవై ఏడేళ్ళుగా రోజూ పొద్దున్నే చూస్తున్న పళ్ళెం. భార్య సోలాంజ్ చెక్క పొరలు కోసి, పూలబుట్ట పొదిగి, తన చేత్తో చేసింది. ఆమె పోయి రెండు చలికాలాలు గడిచాయి. పళ్ళెం మీద ఒక గులాబీ ఆకు అంచున, రంపం జారిన చోట గోరంత గాటు ఉంది. సరిగ్గా అదే గాటు, అదే వంపుతో, అదే ఆకు మీద, కింద కార్ఖానాలో ఉన్న రాణి గారి బల్ల మీద కూడా ఉంది.

ఆ బల్ల వయసు రెండు వందల ఏళ్ళని అందరి నమ్మకం. వెర్సాయి కోటలో రాణి పురిటి మంచం పక్కన ఉండేదట. మ్యూజియం వాళ్ళు కొనబోతున్నారు. పై పలక మీద పొర ఒక చోట ఉబ్బితే, దాన్ని అతికించి, ‘ఇది ముమ్మాటికీ ఆ కాలపు పనే’ అని కాగితం మీద సంతకం పెట్టే బాధ్యత గాస్పార్‌కు అప్పజెప్పారు. పారిస్ నగరంలో వడ్రంగులుండే సాంతాంత్వాన్ పేట మొత్తం మీద, చెక్కలో బొమ్మలు పొదిగే పనిలో ఆయన మాటకు ఎదురు లేదు. మ్యూజియం అధికారి మదామ్ లాందె సోమవారం పొద్దున వస్తానంది. “ఆగలేకపోతే ఆదివారం సాయంత్రమే తొంగి చూస్తాను, ఏమనుకోకండి” అని కూడా అంది.

ఈ రోజు ఆదివారం.

పూలబుట్టను ఎవరూ ఒక్క పొరలో కొయ్యరు. నాలుగైదు చెక్క పొరలను పేర్చి, కట్ట కట్టి, పైన బొమ్మ గీసిన కాగితం అతికించి, అన్నిటినీ ఒకే రంపంతో కోస్తారు. రంపం జారితే కట్టలో ఉన్న అన్ని పొరల్లోనూ జారుతుంది. బొమ్మను ఎవరైనా చూసి మళ్ళీ గీయవచ్చు. జారిన గాటును మళ్ళీ అలాగే జారడం ఎవరి వల్లా కాదు. అంటే ఆ బల్లా, ఈ పళ్ళెమూ ఒకే రోజున, ఒకే చేతి కింద పుట్టాయి. ఆ చెయ్యి రాజుల కాలపు పనివాడిది కాదు.

గాస్పార్ పళ్ళేన్ని తువ్వాలులో చుట్టి, కూరల సంచిలో పెట్టుకుని, ముంగిలి దాటి ఎదురు వాటాలో మూడో అంతస్తుకు మెట్లెక్కాడు. రెండో మలుపు దగ్గర ఆయాసం వచ్చింది. అక్కడ కిటికీ గట్టు మీద ఎవరో పుణ్యాత్ములు చిన్న మెత్త పరిచి ఉంచారు, ముసలివాళ్ళు కూర్చోవడానికి. గాస్పార్ కూర్చున్నాడు. ఎండ మోకాళ్ళ మీద పడింది. లేవాలనిపించలేదు.

తలుపు తీసింది ఓర్తాన్స్. ఒకప్పుడు కార్ఖానా నడిపిన ముసలి మేస్త్రీ దూబ్రే చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. నలభై ఏళ్ళు కార్ఖానాలో పొరలకు మెరుగు పెట్టింది, ఇప్పుడు చూపు పోయిన అన్నగారిని కనిపెట్టుకుని ఉంది.

“బూట్లు తుడుచుకుని రా. నిన్ననే నేలకు మైనం పట్టించాను.”

“తుడిచానండీ.”

“మళ్ళీ తుడుచుకో. నీ ‘తుడిచాను’ సంగతి నాకు తెలీదూ?”

లోపల్నుంచి దూబ్రే గొంతు వినిపించింది. ఎనభై రెండేళ్ళు వచ్చినా ఆ గొంతులో రంపం పదును తగ్గలేదు. “ఎవరే అది? అడుగులు చూస్తే గాడిద, దగ్గు చూస్తే మన గాస్పారు.”

“రెండూ ఒకటేలే అన్నయ్యా” అంది ఓర్తాన్స్. “కూర్చో గాస్పారూ. ఉల్లికాడల సూప్ ఉంది. తాగుతావా అని అడగను. నీ మొహం చూస్తే నిన్నటి నుంచీ ఏమీ తిన్నట్టు లేదు.”

ఆమె గిన్నె నింపి, రొట్టె ముక్క పక్కన పెట్టింది. తనకు తీసుకున్న వెన్నలో సగం కోసి చెప్పకుండా ఆయన రొట్టె మీద పెట్టింది. గాస్పార్ చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు. తర్వాత సంచిలోంచి పళ్ళెం తీసి, తువ్వాలు విప్పి, మేస్త్రీ చేతుల్లో పెట్టాడు.

దూబ్రే కళ్ళు ఎక్కడో గోడ వైపు ఉన్నాయి. వేళ్ళు మాత్రం పళ్ళెం మీద నడిచాయి. బుట్ట అల్లిక, తులిప్ పువ్వు, కాడ, గులాబీ, ఆకు. ఆకు అంచున ఆగిపోయాయి.



“ఓర్తాన్స్, ఉప్పు ఎక్కడ పెట్టావే?” అన్నాడు దూబ్రే.

“ఉప్పు నీ ముందే ఉంది. ఉప్పు సంగతి తర్వాత. వాడికి జవాబు చెప్పు.”

“వాడింకా ఏమీ అడగలేదుగా.”

“అడుగుతున్నాను మేస్త్రీ గారూ” అన్నాడు గాస్పార్. “కింద నా పని బెంచీ మీద రాణి గారి బల్ల ఉంది. దాని మీదా ఇదే గాటుంది. రేపు ఆ కాగితం మీద నేను సంతకం పెట్టాలి. సోలాంజ్ ఏం చేసింది? మీరేం చేయించారు?”

దూబ్రే పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద ఆనించాడు, చలి కాచుకుంటున్నట్టు.

“నువ్వు కొండల్లో ఆస్పత్రిలో ఉన్నావు. ఊపిరితిత్తులు. యాభై ఒకటి అక్టోబరు. గుర్తుందా?”

“గుర్తు లేకపోవడమేంటండీ.”

“పేటలో రివాజు నీకు తెలుసు. మనిషి మూడు నెలలు రాకపోతే వాడి బెంచీ ఇంకొకడిది. నేను పెట్టిన రివాజు కాదది. మా మేస్త్రీ నాకు అదే చెప్పాడు. జనవరిలో నీ ఉలులన్నీ గుడ్డలో మూట కట్టాను. ఇంటికి పంపిద్దామని. ఆ పిల్లే, నీ సోలాంజే వచ్చింది. మూట విప్పింది. ఒక్కొక్క ఉలీ తీసి మళ్ళీ గోడకి తగిలించింది. ఏ మేకుకి ఏది ఉండేదో, వరస తప్పకుండా. ‘ఆయనొచ్చేదాకా ఈ బెంచీ దగ్గర నేను పని చేస్తాను’ అంది.”

గాస్పార్ చెంచా కింద పెట్టాడు.

“నేను నవ్వాను. ఆడదానికి బెంచీ ఏంటన్నాను. అప్పటిదాకా ఆమె వేడి ఇసుక మూకుడు దగ్గర కూర్చుని చెక్క పూరేకుల అంచు మాడ్చి నీడ వేసేది, అంతేగా.”

“నవ్వాడు” అంది ఓర్తాన్స్. “నెల తిరక్కుండా ఆమె చెక్క పొరలో కోసిన తీగ చూసి, భోజనానికి ఇంటికొచ్చి, నా దగ్గర ఏడ్చాడు. అది చెప్పడేం?”

“కంట్లో పొట్టు పడింది.”

“రెండు కళ్ళలోనూనా?”

దూబ్రే ఆ మాట పట్టించుకోలేదు. “ఫిబ్రవరిలో ఓ బల్ల వచ్చింది. కాళ్ళూ, చట్రమూ నిక్షేపంలా ఉన్నాయి. చట్రం అడుగున రాజుగారి సామాన్ల కొట్టు నెంబరు, కాల్చిన ముద్ర, అన్నీ ఉన్నాయి. అది నిజంగా రాణి గారిదేరా. అందులో అబద్ధం లేదు. పై పలక మాత్రం పురుగు తినేసింది. చేత్తో నొక్కితే పిండి. కొత్త పలక వెయ్యాలి. పాత ఓక్ చెక్క నేనే వెతికి తెచ్చాను. పైన పూలబుట్ట ఆమె కోసింది. ఎలా ఉండేదో పాత పొర ముక్కలు చూసి పోల్చుకుంది. అంతవరకూ మర్యాదైన పనే.”

“తర్వాత?”

“తర్వాత ‘పలక కొత్తది’ అని చెప్పి అమ్మాలి. చెప్పలేదు.” ముసలాయన గొంతు మొదటిసారి సన్నబడింది. “పని అంత బాగా కుదిరింది గాస్పారూ. చెప్పబుద్ధి కాలేదు. చూడ్డానికొచ్చిన పెద్దమనిషి ఆ బుట్ట ముందు టోపీ తీశాడు. నలభై ఏళ్ళలో నా పనికి ఎవడూ టోపీ తియ్యలేదు.”

“మీ పని కాదుగా అది.”

“కాదు.” పళ్ళెం మీది గులాబీని వేలితో తడిమాడు. “కాదు.”

గాస్పార్‌కు కోపం రావాలి. మెట్లెక్కేటప్పుడు కోపంతోనే ఎక్కాడు. ఇప్పుడు లోపల వెతుక్కుంటే, గోడకు వరసగా తగిలించిన ఉలులు మాత్రమే కనిపించాయి. ఏడాదిన్నర తర్వాత తిరిగొచ్చిన రోజున, బెంచీ తన కోసం అలాగే ఉండటం చూసి, మేస్త్రీ ఎంత మంచివాడో అనుకున్నాడు. అందరి ముందూ ఆయన చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు కూడా. సోలాంజ్ పక్కనే ఇసుక మూకుడు దగ్గర కూర్చుని, తల ఎత్తకుండా నవ్వింది. ఆ రోజు సాయంత్రమే ఈ పళ్ళెం మీద కాఫీ తెచ్చి ఇచ్చింది. ‘కట్టలో ఒక పొర మిగిలింది, పారెయ్యడం దేనికని’ అంది.

“అమ్మేశారని ఆమెకు తెలుసా?”

“అమ్మకముందే తెలిసింది. పొర అతికించే రోజున నేను పలక అంచులకి మసి రుద్దుతుంటే చూసింది. పాతదిగా కనిపించాలని రుద్దుతున్నానని ఆమెకు చెప్పక్కర్లేదు. నన్నో చూపు చూసింది. తిట్టినా బాగుండేది. నువ్వింకా కొండల్లోనే ఉన్నావు. నేను ఒక్క మాట అంటే నీ బెంచీ పోతుందని ఆమెకు తెలుసు. నేను అనలేదురా! అనాల్సిన అవసరం లేకపోయింది. అదే నా సిగ్గు.” దూబ్రే తల వంచుకున్నాడు. “చివరికి ఒకటే అడిగింది. ‘అతికించేది నేను. అతికించే ముందు నా పేరు రాసుకుంటాను’ అంది.”

గాస్పార్ చటుక్కున తలెత్తాడు.

ఆ రివాజు పేటలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. సామాను మీద రాజముద్ర ఉంటుంది, కింద మేస్త్రీ ముద్ర ఉంటుంది. కోసినవాడి పేరు, నీడ వేసినవాడి పేరు ఎక్కడా ఉండవు. అందుకని జిగురు పూసే ముందు, పొర కిందికి వెళ్ళిపోయే చెక్క మీద పనివాడు పెన్సిల్‌తో తన పేరు రాసుకుంటాడు. ఆ కాస్సేపూ పక్కవాళ్ళు మొహం గోడ వైపు తిప్పుకుంటారు. ఎవరు ఏం రాశారో అడగరు. రాజుల కాలం నుంచీ అంతే.

“మీరు మొహం తిప్పుకున్నారా?”

“తిప్పుకోకుండా ఎలా ఉంటాన్రా? అంత నీచుణ్ణా? చాలాసేపు రాసింది. జిగురు చల్లారిపోతుందే పిల్లా అని గోడకేసి చూస్తూనే అరిచాను. పేరు రాయడానికి అంతసేపెందుకు?”

ఓర్తాన్స్ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అక్కడ చెయ్యవలసిన పనేమీ లేదు. మూత తీసి మళ్ళీ పెట్టింది.

“అది ఎప్పుడు?” అన్నాడు గాస్పార్.

“మే నెల చివర. ఆలస్యమైంది. మధ్యలో ఆరు వారాలు ఆమె పనిలోకి రాలేదు. జ్వరమంది.”

ఆ వసంతంలో ఆరు వారాలు ఉత్తరాలు రాలేదు. గాస్పార్‌కు ఆ రోజులు బాగా గుర్తు. వరండాలో దుప్పటి కప్పుకుని పడుకుని, టపా బండి కోసం లోయలోకి చూసేవాడు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరంలోనూ జ్వరమనే రాసింది. ‘ఇప్పుడు నయం. నువ్వు బెంగ పెట్టుకోకు. డాక్టర్లు నీకు ఏ ఉద్వేగమూ పనికిరాదన్నారు’ అని రాసింది.

“ఓర్తాన్స్ గారూ” అన్నాడు. “ఇటు తిరగండి.”

ఆమె తిరగలేదు. “ఆ బల్ల మీద ఒక మొగ్గ ఉంటుంది. బుట్ట కింద కుడి వైపు. చూశావా?”

“చూశాను. దానికి నీడ లేదు.”

వేడి ఇసుకలో రేకు అంచు ముంచి తీస్తే లేత గోధుమ రంగు నీడ వస్తుంది. ఆ నీడ వల్లే పువ్వు పలక మీంచి లేచినట్టుంటుంది. బల్ల మీద అన్ని పువ్వులకూ నీడ ఉంది, ఆ ఒక్క మొగ్గకు తప్ప. అది తెల్లగా, చదునుగా, పుట్టినది పుట్టినట్టే ఉంది. మదామ్ లాందె దాన్ని చూసి ‘ఆనాటి దర్బారు అభిరుచి’ అని మురిసిపోయింది.

“నీ పళ్ళెం మీద?”

గాస్పార్ చూశాడు. పళ్ళెం మీద అదే మొగ్గకు నీడ ఉంది.

“సోలాంజ్ నీడ వెయ్యడం మర్చిపోయే మనిషేనా?” అంది ఓర్తాన్స్, పొయ్యితోనే మాట్లాడుతున్నట్టు. “పొర ఉబ్బింది ఎక్కడ?”

“అక్కడే.”

“అయితే ఇంకేం. వెళ్ళు. సోలాంజ్‌కి నేను మాటిచ్చాను. పోయిన మనిషిని అడిగి ఆ మాట వెనక్కి తీసుకోలేను. నువ్వే చూసుకో.”

గాస్పార్ మెట్లు దిగేటప్పుడు మెత్త దగ్గర ఆగలేదు.

కార్ఖానాలో ఆదివారపు నిశ్శబ్దం. ఎత్తైన కిటికీల్లోంచి నాలుగు గంటల వెలుగు ఏటవాలుగా దిగి బల్ల మీద పడుతోంది. చిన్న బల్ల అది. పడుకున్న మనిషి ఒళ్ళోకి లాక్కునేటంత. దాన్ని చూసినప్పుడల్లా గాస్పార్‌కు సోలాంజ్ ఒకసారి అన్న మాట గుర్తొచ్చేది. ఇద్దరూ కోట చూడటానికి వెళ్ళారు. రాణి కాన్పు గదిలో దర్బారు దర్బారంతా కిక్కిరిసి నిలబడి చూసేవారని అక్కడి మనిషి చెబుతుంటే అందరూ నవ్వారు. సోలాంజ్ నవ్వలేదు. ‘అంత మంది ఉన్నా చెయ్యి పట్టుకునేవాళ్ళు లేరు పాపం’ అంది. తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది, పారిస్ వచ్చేదాకా వదల్లేదు.

గాస్పార్ నీళ్ళు కాచాడు. తడిగుడ్డ మొగ్గ మీద పరిచి, గోరువెచ్చని ఇస్త్రీ పెట్టె ఆనించాడు. పాత జిగురు వాసన లేచింది. పల్చటి కత్తిని ఉబ్బిన అంచు కిందికి పోనిచ్చాడు. వెయ్యి సార్లు చేసిన పనే.  అయినా ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని కత్తిని లోపలికి తోశాడు.

మొగ్గ తేలిగ్గా లేచింది. గట్టిగా అంటుకోకూడదనే ఎవరో అక్కడ జిగురు పల్చగా పూసినట్టుంది.

కింద ఓక్ చెక్క. దాని మీద పెన్సిల్ రాత. అక్షరాలు చిన్నవి, కుదురుగా, సరుకుల చీటీలో రాసినట్టే. మొదటి వరస: ‘సోలాంజ్ రోట్లిన్ కోసింది, నీడ వేసింది.’ రెండో వరస: ‘గాస్పార్ రోట్లిన్ బెంచీ మీద.’

ఆయనకు చిన్నగా నవ్వొచ్చింది. తన పేరు కూడా రాసింది. రాణి గారి బల్లలో ఇన్నేళ్ళూ ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు.

మూడో వరస దగ్గర నవ్వు ఆగిపోయింది.

‘మన క్లెమాన్స్. ఏప్రిల్ తొమ్మిది, పది.’

గాస్పార్ ఆ వరస మళ్ళీ చదివాడు. అక్టోబరులో తను రైలెక్కాడు. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. ఏడో వేలు దగ్గర చెయ్యి ఆగింది. వాళ్ళకు పిల్లలు లేరు. లేరనే ఊరంతా అనుకుంది, ఆయనా అనుకున్నాడు. సోలాంజ్ ఎప్పుడూ ‘మనిద్దరం చాలులే’ అనేది. తొమ్మిది, పది. రెండు తేదీలు. ఆ పసిపిల్లకు వాటి మధ్య ఒక రాత్రి దక్కింది.

వెనక తలుపు కిర్రుమంది. ఓర్తాన్స్. గాస్పార్ పైన మర్చిపోయిన పళ్ళెం, తువ్వాలు, సంచి చేతిలో ఉన్నాయి. ఆయన భుజం మీదుగా చూసింది, వెంటనే మొహం గోడ వైపు తిప్పుకుంది.

“ఫర్లేదు, చూడండి” అన్నాడు గాస్పార్.  “మీకు తెలుసు.”

“పనిలోకి తిరిగొచ్చిన రోజున మెరుగు గదిలో కూలబడింది. రొమ్ములకు గుడ్డ బిగించి కట్టుకుంది. అయినా రవిక తడిసిపోయింది. నేనే మార్చాను.” ఓర్తాన్స్ గోడతోనే చెబుతోంది. “నీకు రాస్తానన్నాను. కాళ్ళు పట్టుకుంది. ‘ఆయన ఊపిరి నిలబడనీ, నేనే చెప్తాను’ అంది. నువ్వొచ్చాక ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అంటూ ఉండేది. కొన్నాళ్ళకి అనడం మానేసింది.”

“ఎక్కడుంది పిల్ల? ఏ మట్టిలో పెట్టింది?”

“తెలీదు గాస్పారూ. ఒట్టు. ఒకసారి అడిగాను. ‘రాసి పెట్టాను’ అంది. అంతే.”

గాస్పార్ బల్ల మీదికి వంగాడు. మూడో వరస కింద ఇంకో వరస మొదలైంది. ‘తను ఉన్న చోటు’ అన్నంత వరకూ కనిపిస్తోంది. ఆ తర్వాతి అక్షరాలు పెద్ద గులాబీ కిందికి వెళ్ళిపోయాయి. కత్తి కొనతో గులాబీ అంచు తాకి చూశాడు. రాయిలా అంటుకుని ఉంది. అక్కడ జిగురు చిక్కగా పూశారు. ఆ పువ్వును చీల్చకుండా లేపడం ఎవరి వల్లా కాదు. సోలాంజ్ చేసిన పువ్వుల్లోకెల్లా గొప్పది అదే. పెద్దమనిషి టోపీ తీసింది దాని ముందే.

బయట ముంగిలి రాళ్ళ మీద ఆడవాళ్ళ బూట్ల చప్పుడు వినిపించింది. చకచకా, హుషారుగా వస్తున్నాయి అడుగులు.

“మెస్యూ రోట్లిన్!” మదామ్ లాందె గొంతు. “ఆగలేకపోయానండీ! మా డైరెక్టర్ గారిని కూడా వెంటపెట్టుకొచ్చాను!”

ఓర్తాన్స్ గాభరాగా అటూ ఇటూ చూసి, చేతిలో ఉన్న పళ్ళేన్ని దొరికిన చోట పెట్టేసింది. అది బల్ల పక్కనే, అదే వెలుగులో, పూలబుట్ట పైకి కనిపించేలా పడింది.

గాస్పార్ తలుపు వైపు చూడలేదు. కత్తిని కాగుతున్న నీళ్ళ ఆవిరిలో వేడి చేసి, గులాబీ మొదటి రేకు కిందికి ఆనించాడు.